ముగ్గుపేట బాగానే ఉంది

దమయంతి కెమెరా వెనక నుంచి తీగ లాగేసింది. తెర మీద బొమ్మ ఆగలేదు.

తెర మీద ఆమె ఇంకా స్టూలు మీదే కూర్చుని గ్లాసులో నీళ్ళు కొంచెం కొంచెంగా తాగుతోంది. ఫ్యాను గాలికి ముంగురులు కదులుతున్నాయి. నిజానికి దమయంతి స్టూలు మీద నుంచి లేచి గోడ దగ్గరికి వచ్చేసింది. ఊడిన తీగ చేతిలో పట్టుకుని, నీళ్ళు తాగుతున్న తనను తానే చూసుకుంటోంది.

"ఎక్కడా అతుకు కనపడటం లేదమ్మా," అన్నారు డాక్టర్ కృపానందం. విశాఖపట్నంలోని ఆ తీర నిఘా పరిశోధనశాలకు ఆయనే అధిపతి. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు. "గ్లాసు దించేటప్పుడు నువ్వు పెదవి తుడుచుకుంటావు చూడు, అది కూడా నేర్చేసుకుంది."

ఆయన సంతోషానికి కారణం ఉంది. ఉత్తరాంధ్ర తీరం వెంట తుపాను షెల్టర్లలో, రేవుల్లో, వంతెనల దగ్గర ప్రభుత్వం నాలుగు వేల కెమెరాలు పెట్టింది. వాటి బొమ్మల్ని కంట్రోల్ రూముకు మోసుకొచ్చే లైను మాత్రం ఒక్కటే. మూడు వందల కెమెరాలకు మించి ఆ లైను ఒకేసారి మోయలేదు. బ్యాండ్‌విడ్త్ చాలదు, చాలదు అని ప్రతి సమావేశంలోనూ అదే మాట. అందుకని కెమెరాలకు వంతులు వేశారు. వంతు రాని కెమెరా ముందు ఏం జరిగినా ఎవరికీ తెలియదు. ఒక రేవులో పడవ బోల్తా పడి ఇద్దరు మనుషులు కెమెరాకు ఎదురుగానే మునిగిపోయారు. దాని వంతు అప్పటికింకా రాలేదు.

ఆ వార్త విన్నాకే దమయంతి ఈ పని మొదలుపెట్టింది. దానికి పూరణ అని పేరు పెట్టింది. కంట్రోల్ రూములోని యంత్రం ప్రతి కెమెరా ఉన్న చోటును కొన్ని వారాలు చూసి నేర్చుకుంటుంది. ఏ వేళకు ఎవరొస్తారు, ఎండ ఏ గోడ మీద పడుతుంది, ఏ ముసలమ్మ ఎక్కడ చతికిలబడుతుంది, అన్నీ. ఆ తర్వాత బొమ్మను తానే ఊహించి గీస్తూ ఉంటుంది. అదే ఊహ కెమెరాలోనూ ఉంటుంది. కెమెరా తాను చూస్తున్నదాన్ని ఆ ఊహతో పోల్చుకుని, తేడా ఉంటే ఆ తేడా వరకే పంపుతుంది. యంత్రం దాన్ని కలిపి బొమ్మ దిద్దుకుంటుంది. మూడు వందల కెమెరాలే మోసే లైను ఇప్పుడు వేల కెమెరాలకు సరిపోతుంది.

"అంటే కెమెరా ఏమీ పంపకపోతే అక్కడ ఏమీ మారలేదని అర్థం. అంతేగా?" అడిగారు కృపానందం.

"అంతేనండి," అంది దమయంతి.

ఆ పూట ఇద్దరూ క్యాంటీనుకు వెళ్ళి జీడిపప్పు పకోడీ తిన్నారు. కృపానందం తన రిటైర్మెంటు ముందు ఇంత మంచి పని చూస్తాననుకోలేదన్నారు.

*

దమయంతి అన్న తాతారావు ముగ్గుపేటలో ఉంటాడు. సముద్రానికీ ఉప్పుటేరుకూ మధ్య ఇరుకున కూర్చున్న జాలరి ఊరు అది. అమ్మా నాన్నా పోయాక చెల్లెల్ని పెంచిందీ, ఇంజనీరింగు దాకా చదివించిందీ అతనే. మోకాలు దెబ్బతిని వేట మానేశాక ఊళ్ళోని తుపాను షెల్టరుకు కాపలాదారుగా కుదిరాడు. మామూలు రోజుల్లో ఆ షెల్టరులో అంగన్‌వాడీ నడిచేది. వలలు బాగుచేసుకునేవాళ్ళు ఓ పక్కన నీడపట్టున కూర్చునేవాళ్ళు.

పూరణ మొదట పెట్టిన కెమెరాల్లో ముగ్గుపేట షెల్టరుది ఒకటి. మధ్యాహ్నం క్యారేజీ విప్పుకుంటూ దమయంతి ఆ బొమ్మ తెరిచి ఎదురుగా పెట్టుకునేది. ఆ సంగతి అన్నకు చెప్పింది. అప్పటి నుంచి తాతారావు రోజూ ఆ వేళకు కెమెరా కిందికొచ్చి తలెత్తేవాడు. భుజం మీది తువ్వాలు తీసి ఊపేవాడు. కూరేమిటని సైగ చేసి అడిగేవాడు.

వదిన పైడమ్మ ఫోనులో పడీపడీ నవ్వేది. "మీ అన్న ఆ డబ్బా కింద నిలబడి నీతో మాటాడతన్నాడమ్మీ. ఊరంతా సూసి నవ్వుతన్నారు. దానికి ఇనపడదయ్యా అంటే ఇనడు."

"వినపడదు గానీ కనపడుతుంది వదినా. తువ్వాలు మాసిపోయిందని చెప్పు."

"ఓలమ్మో! అది కూడా తెలిసిపోతందేటి?"

తాతారావు ఫోను లాక్కునేవాడు. "సెల్లీ, ఆ ఎర్ర లైటు ఎలుగుతుంటే నువ్వు సూస్తన్నట్టే గదా?"

"కెమెరా పనిచేస్తున్నట్టు అన్నా."

"అదే గదా," అనేవాడు తాతారావు. అతనికి ఆ రెండూ ఒకటే.

ఏడాది తిరక్కుండా పూరణ తీరమంతా పాకింది. లైనులో చోటు మిగిలిందని తెలియగానే ఇంకో ఐదు వేల కెమెరాలు తెచ్చి కలిపారు. కొత్త లైను వెయ్యాలన్న పాత ప్రతిపాదన పక్కకు వెళ్ళిపోయింది. ఆ సంగతి తెలిసి కృపానందం కొంచెం చిరాకుపడ్డారు. "మనం ఇల్లు సర్దిపెట్టాం. వాళ్ళు దాన్నిండా మళ్ళీ సామాను నింపేశారు. ఇక పూరణ ఆపితే ఈ లైను ఒక్క పూట నడవదు," అన్నారు.

*

కార్తీకంలో వచ్చిన తుపాను తీరం దాటే రోజున దమయంతిని జిల్లా కంట్రోల్ రూముకు పిలిపించారు. గోడ నిండా తెరలు. వాటి ముందు ప్రత్యేకాధికారి వసుంధర నిలబడి ఉంది. ముందురోజు నుంచీ ఆమె కూర్చున్నట్టు లేదు. సహాయక బోట్లు ఆరే ఉన్నాయి. ఏ బోటు ఎక్కడికి వెళ్ళాలో ఆ గోడను చూసి ఆమె చెప్పాలి.

పొద్దున్నే స్తంభాలు కూలి లైను తెగిపోయింది, ఫోన్లూ పలకడం లేదు. కెమెరాల దగ్గరున్న చిన్న డిష్షుల నుంచి ఉపగ్రహం ద్వారా వచ్చే సన్నని దారి ఒక్కటే మిగిలింది. అది పది కెమెరాలను కూడా పూర్తిగా మోయలేదు. అయినా గోడ మీద ఒక్క తెర కూడా ఆరిపోలేదు. పూరణ వాటిని నిలబెట్టింది. ఎక్కడ పెద్ద మార్పు వస్తే అక్కడి తేడాలు ముందు వస్తున్నాయి. ఒక ఊళ్ళో చెరువుగట్టు తెగడం కనిపించింది. బోటు పంపారు. ఇంకో ఊళ్ళో బడి పైకప్పు లేచిపోవడం కనిపించింది. అక్కడికీ పంపారు. గదిలో ఉన్నవాళ్ళు దమయంతి వైపు మెచ్చుకోలుగా చూశారు.

"ముగ్గుపేట?" అడిగింది వసుంధర. "సముద్రానికి మరీ దగ్గర కదా. అక్కడికి ఒకటి పంపనా?"

దమయంతి ముగ్గుపేట తెర చూసింది. షెల్టరులో జనం గోడల వారగా కూర్చుని ఉన్నారు. వదిన పాత వల ఒళ్ళో వేసుకుని ఉంది. అన్న కెటిలు పట్టుకుని అందరికీ టీ పోస్తున్నాడు. పోస్తూ పోస్తూ కెమెరా కిందికొచ్చి, తలెత్తి, తువ్వాలు ఊపాడు. దమయంతికి ప్రాణం లేచొచ్చింది.

"ముగ్గుపేట బాగానే ఉంది మేడమ్," అంది.

వసుంధర ఆ బోటును ఏటి వంతెన వైపు పంపింది. వంతెన మీద ఒక బస్సు సగం వరదలో ఒరిగి ఉంది. లోపల జనం ఉన్నారు.

మధ్యాహ్నం దాటాక ఎవరో ప్లాస్టిక్ కప్పుల్లో టీ ఇచ్చారు. దమయంతి కప్పు పట్టుకుని మళ్ళీ ముగ్గుపేట వైపు చూసింది. అన్న ఇంకా టీ పోస్తూనే ఉన్నాడు. అతని నెత్తి మీద ఫ్యాను తిరుగుతోంది.

ఆ మండలానికి పొద్దున్నే కరెంటు పోయింది.

దమయంతి కప్పు పక్కన పెట్టేసింది. కీబోర్డు ముందు కూర్చుని ముగ్గుపేట కెమెరా చివరిసారి ఎప్పుడు పలికిందో వెతికింది. పొద్దున లైను తెగాక అది ఒక్క తేడా కూడా పంపలేదు. ఏమీ పంపలేదు కాబట్టి ఏమీ మారలేదని యంత్రం అనుకుంది. తనకు తెలిసిన ముగ్గుపేటనే గీసుకుంటూ కూర్చుంది.

"మేడమ్, అది నిజం కాదు," అంది దమయంతి. "ఆ బొమ్మ నిజం కాదు. అక్కడేం జరుగుతోందో మనకు తెలియదు."

వసుంధర గిరుక్కున తిరిగింది. "మనుషులు కదులుతున్నారుగా?"

"యంత్రం కదిలిస్తోంది మేడమ్. నాకు ఆ ఊరి రేవు కెమెరా కావాలి. దాన్ని తిప్పితే షెల్టరు కనిపిస్తుంది. అది నిజంగా చూపించాలంటే మిగిలిన ఈ కాస్త లైను మొత్తం దానికే ఇవ్వాలి. మిగతావి ఆపాలి."

"వంతెన ఆపమంటావా?" వసుంధర వేలు పెట్టి చూపించింది. బస్సు కిటికీలోంచి ఒక తల్లి పిల్లను బయటికి అందిస్తోంది. తాడు పట్టుకుని ఒకతను నడుంలోతు నీళ్ళలో ఉన్నాడు. "ప్రవాహం ఎటు తిరుగుతోందో నేను చెప్తుంటేనే బోటువాళ్ళు దగ్గరికి రాగలుగుతున్నారు. నువ్వే చెప్పు. ఆపనా?"

ఆ పిల్లకు పసుపు గౌను. ఆపమని దమయంతి ఎలా అంటుంది? ఒక్కొక్కరే కిటికీలోంచి బయటికి వచ్చేదాకా నిలబడింది. తాడు పట్టుకున్నతను మధ్యలో ఒకసారి జారాడు, మళ్ళీ లేచాడు. అంతసేపూ పక్క తెర మీద అన్న టీ పోస్తూనే ఉన్నాడు.

చివరి మనిషి బోటు ఎక్కగానే వసుంధర తానే కేకేసింది. "ఇచ్చెయ్యండి. మొత్తం రేవు కెమెరాకి ఇచ్చెయ్యండి."

రేవు కెమెరా మెల్లగా తిరిగింది. వానధార వెనక బూడిదరంగు నీళ్ళు. షెల్టరు ఉండాల్సిన చోట పైకప్పు, దాని మీద నీళ్ళ ట్యాంకు కనిపించాయి. పైకప్పు మీద మనుషులు ఒకరినొకరు పట్టుకుని ముద్దలా కూర్చున్నారు. అంత దూరం నుంచి ఎవరి ముఖమూ తెలియడం లేదు. దమయంతి తెరకు ముక్కు ఆనించి తువ్వాలు కోసం వెతికింది.

"అన్ని బోట్లూ దూరంగా ఉన్నాయి," అంది వసుంధర మెల్లగా. "ఎదురుగాలి. ఉన్నవాటిలో దగ్గరదాన్ని ఇప్పుడే తిప్పమంటున్నాను. చేరేసరికి చీకటి పడచ్చు."

ఇంతలో ఇంకో ఊళ్ళో గట్టు కదిలింది. లైను అటు వెళ్ళిపోయింది. రేవు కెమెరా బొమ్మ మాత్రం పోలేదు. పైకప్పు మీద మనుషులు అలాగే కూర్చుని ఉన్నారు, అలాగే కొంచెం కొంచెంగా కదులుతున్నారు. వాళ్ళు నిజంగా ఉన్నారో, చివరిసారి వచ్చినదాన్నే యంత్రం కొనసాగిస్తోందో దమయంతికి ఇక తెలియదు. ఆ యంత్రాన్ని తయారుచేసింది తానే అయినా తెలియదు.

*

పైడమ్మ బతికింది. పైకప్పు మీద ఉన్నవాళ్ళంతా బతికారు. కింద మిగిలిపోయినవాళ్ళలో తాతారావు ఉన్నాడు.

దమయంతి వెళ్ళేసరికి ఊరంతా బురద. వదిన పొరుగూరి బడిలో చాప మీద కూర్చుని ఉంది. దమయంతిని చూసి ఏడవలేదు. పక్కన కూర్చోమని చాప సర్దింది.

"గాలికి పైనున్న సట్టి ఎగిరిపోనాదమ్మీ," అంది. కెమెరా తాలూకు డిష్షు గురించి. "అది ఎగిరిపోతే ఏటవుతాదో మాకు తెల్దు. కరెంటు పోయినా డబ్బాకి బేటరీ ఉంది గదా, ఎర్ర లైటు ఎలుగుతానే ఉంది. పొద్దున నీళ్ళు గుమ్మంలోకి వొచ్చినప్పుడు మన పడవలు వెనకాల కట్టే ఉన్నాయి. ఏటి మీదుగా ఎల్లిపోదామని కుర్రోళ్ళన్నారు. మీ అన్నే వొద్దన్నాడు."

"ఎందుకు వదినా?"

"ఈ గాలిలో మన పడవలు తిరగబడతాయి, సెల్లి సూస్తంది, పెద్ద బోట్లు పంపిస్తాది అన్నాడు. ఆ డబ్బా కింద నిలబడి నిన్ను పిలిసినాడమ్మీ. తువ్వాలు ఊపి ఊపి, గొంతు పోయీదాక పిలిసినాడు. మేమందరం పిలిసినాం. గోడ కూలిపోయి నీళ్ళు మీద పడ్డాక పిల్లల్ని పైకి అందించీసి, నన్ను కూడా ఎక్కించీసి, మళ్ళీ లోపలికి దిగినాడు. ముసిలోళ్ళు ఉండిపోనారని."

వదిన ఆమె ముఖంలోకి చూసింది. ఆ చూపులో కోపం లేదు. కోపం ఉంటే బాగుండుననిపించింది దమయంతికి.

"నీకు కనపడనేదా అమ్మీ?"

*

విచారణ జరిగింది. ఎవరూ ఏదీ దాచలేదు. కృపానందం లేచి నిలబడి, మౌనాన్ని క్షేమమని లెక్కేసుకోవడం తమ యంత్రంలోని పొరపాటని, బాధ్యత పరిశోధనశాలదేనని చెప్పారు. డిష్షు పోయిన కెమెరా బొమ్మ ఇక మీదట ఆరిపోయేలా దిద్దారు. వసుంధర సాక్ష్యం చెప్తూ, పూరణ లేకపోతే ఆ పూట గోడ మీద తెరలన్నీ ఆరిపోయేవని, వంతెన మీద బస్సు ఎవరికీ కనిపించేది కాదని అంది. అదీ నిజమే. పూరణను కొనసాగించాలని విచారణ సంఘం రాసింది.

దమయంతి ఒకటే అడిగింది. యంత్రం ఊహించి గీసిన భాగం మసకగా, నిజంగా వచ్చిన భాగం స్పష్టంగా కనిపించాలని. ఒప్పుకున్నారు. ఆమే కూర్చుని ఆ మార్పు చేసింది.

మార్పు పెట్టిన రోజు ఆకాశం నిర్మలంగా ఉంది. ఎక్కడా గాలీ వానా లేవు. మీట నొక్కగానే కంట్రోల్ రూము గోడంతా బూడిద పూసినట్టయింది. అక్కడక్కడ మాత్రం, ఒక సైకిలు చక్రం, ఒక కుక్క తోక, ఎవరిదో చెయ్యి, వెలుగులో కనిపించి మళ్ళీ బూడిదలో కలిసిపోతున్నాయి.

వసుంధర గోడ ఈ చివర నుంచి ఆ చివర దాకా నడిచింది. "నిజంగా వస్తున్నది ఎంత?" అని అడిగింది.

"నూటికి మూడు పాళ్ళు మేడమ్."

"మిగిలిందంతా?"

"మనం గీసుకుంటున్నది."

వారం నడిచింది. తెరల ముందు కూర్చునేవాళ్ళకు కళ్ళు మండాయి, తలనొప్పులు వచ్చాయి. మసకలో ఒక దొంగతనం ఎవరికీ కనిపించకుండా జరిగిపోయింది. తర్వాత వసుంధరే ఫోను చేసింది. "నువ్వు చెప్పింది నాకు అర్థమైంది దమయంతీ. కానీ పొద్దస్తమానం బూడిద చూస్తూ కూర్చునేవాళ్ళు రేపు నిజంగా నీళ్ళొచ్చినా చూడరు. తీసెయ్యి."

దమయంతి తీసేసింది. గోడ మళ్ళీ రంగులతో కళకళలాడింది.

ఉద్యోగం మానేస్తానని కృపానందం దగ్గరికి వెళ్ళింది. ఆయన కుర్చీ చూపించారు. "నువ్వు వెళ్ళిపోతే పూరణ ఆగదమ్మా. దాని లోపాలు తెలిసిన మనిషి ఒకరు తగ్గిపోతారు. అంతే," అన్నారు. తర్వాత తలుపు వైపు చూస్తూ, "కొత్త లైను మళ్ళీ అడిగాను. చూద్దామన్నారు," అన్నారు. ఆ చూద్దాం అర్థం ఇద్దరికీ తెలుసు.

*

ముగ్గుపేటలో కొత్త షెల్టరు మెట్ట మీద కట్టారు. కెమెరా బిగించే రోజున దమయంతి వెళ్ళింది. ఊరివాళ్ళు పనులు మానుకుని వచ్చి నిలబడ్డారు.

"ఒక మాట చెప్తాను, గుర్తుపెట్టుకోండి," అంది వాళ్ళతో. "దీన్ని నమ్ముకుని కూర్చోకండి. నీళ్ళు వస్తుంటే ఎవరి కోసమూ చూడకండి. వెళ్ళగలిగినప్పుడే వెళ్ళిపోండి."

"మరి ఇదెందుకమ్మా?" అడిగింది ఒక ముసలామె. ఎత్తిపొడుపు కాదు. తెలియకే అడిగింది.

ఇది ఉంటే కొన్నిసార్లు కనిపిస్తుంది. కొన్నిసార్లు కనిపించదు. కనిపించనప్పుడు కూడా కనిపించినట్టే ఉంటుంది. ఇవన్నీ దమయంతి మనసులోనే అనుకుంది. నిచ్చెన మీది మనిషి గోడకు మేకులు కొడుతున్నాడు.

పైడమ్మ ఆమె మోచెయ్యి పట్టుకుని పక్కకు తీసుకెళ్ళింది. "ఆ దినం నీకేటి కనపడినాదో నాకు సూపించమ్మీ."

"వద్దు వదినా."

"నాకు సూడాలనుంది."

విచారణ కోసం దాచిన బొమ్మ టాబ్లెట్లో ఉంది. ఇద్దరూ కొత్త సున్నం వాసన వేస్తున్న గట్టు మీద కూర్చున్నారు. దమయంతి టాబ్లెట్ వదిన చేతిలో పెట్టి ముఖం తిప్పుకుంది.

పైడమ్మ చాలాసేపు కదలకుండా చూసింది. ఎవరెవరో గుర్తుపట్టి మెల్లగా పేర్లు పలికింది. అందులో ఇప్పుడు లేనివాళ్ళు ఉన్నారు. "ఇది నేనేనా?" అంది ఒకసారి. దమయంతి తల తిప్పి చూసింది. తెర మీద తాతారావు కెటిలు కింద పెట్టి, నడుం పట్టుకుని వంగి, భార్య పక్కన గోడకు చేరగిలబడ్డాడు. నొప్పి మోకాలు చాపుకున్నాడు. పైడమ్మ ఏదో అన్నట్టుంది. అతను నవ్వాడు.

పైడమ్మ వేలితో ఆ మోకాలు తాకింది.

"ఆ దినం మీ అన్న కూకోనేదమ్మీ," అంది. "ఒక్క నిమిషం కూడా కూకోనేదు."

దమయంతి టాబ్లెట్ అందుకోబోయింది. వదిన ఇవ్వలేదు. రెండు చేతులతో ఒళ్ళోకి తీసుకుని ఇంకొంచెం వంగింది.

"లైను కలిపీమంటారా మేడమ్?" అని నిచ్చెన మీది నుంచి కేక వినిపించింది.

ఊరివాళ్ళంతా దమయంతి వైపు తిరిగారు. పైడమ్మ తలెత్తలేదు.

"కలపండి," అంది దమయంతి.